హద్దు గీతకు సాక్ష్యం



ఈ సాయంత్రం మనం తలచుకుంటున్నది ఆచార్య సి. మహాదేవన్ గారిని. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో భూవిజ్ఞాన శాఖను నిలబెట్టిన మనిషిగా ఆయన పేరు ఇక్కడ తెలియనివారు ఉండరు. కలకత్తాలో సి.వి. రామన్ గారి దగ్గర ఎక్స్‌ కిరణాలతో పనిచేశారు. తర్వాత నిజాం రాజ్యంలో హైదరాబాద్ జియలాజికల్ సర్వేలో చేరి ఫీల్డులో తిరిగారు. ఆ రెండు చదువులనూ కలిపి వాల్తేరుకు తెచ్చారు. విశాఖ తీరపు నల్ల ఇసుకలో ఏయే ఖనిజాలు ఉన్నాయో, మోనజైటు ఎంతవరకు ఉందో విద్యార్థులతో కలిసి పరిశీలించారు. 1950ల మొదట్లో అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ వాల్తేరు వచ్చినప్పుడు, బంగాళాఖాతం అడుగు మట్టిని పైకి తీసి చదివే పని ఊపందుకుంది. మహాదేవన్ గారు గతించాక, 1964లో, మన తూర్పు తీరానికి ఆవల సముద్రపు వాలులో ఉన్న మూడు లోయల గురించి లాఫాండ్ రాశారు. వాటికి ఆంధ్ర, మహాదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టారు. ఆ విధంగా మన మాస్టారి పేరు పటం మీదికి ఎక్కింది.

అలాంటి లోయను ఎలా గీస్తారో ఒక్కసారి ఆలోచించండి. ఓడ వెళ్లిన దారి పొడవునా శబ్దపు ప్రతిధ్వనితో లోతు కొలుస్తారు. ఓడ వెళ్లని చోట కొలత ఉండదు. రెండు దారుల మధ్య ఉన్న నీటి కింద నేల ఎలా ఉందో, ఇటు అటు కొలిచిన లోతులను బట్టి తర్కించి గీత కలుపుతారు. పటం చేతికొచ్చేసరికి కొలిచిన చోటూ, తర్కించిన చోటూ ఒకే నల్ల గీతలో కలిసిపోతాయి.

నేను ఈరోజు చెప్పదలచుకున్నది ఇక్కడే మొదలవుతుంది. మన జియలాజికల్ మ్యాపులు కాగితం వదిలి తెర మీదికి వస్తున్నాయి. వేలితో తాకితే పెద్దవవుతున్నాయి, తాకిన చోట రాతి పేరు చెబుతున్నాయి. చాలా మంచి పరిణామం. అయితే మ్యాపును కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు గీతను ఒక్కదాన్నే ఎక్కిస్తే సరిపోదు. ఆ గీత ఏ సాక్ష్యం మీద నిలబడిందో దాన్ని కూడా గీతతో పాటే ఎక్కించాలి. పాఠానికైనా, పరిశోధనకైనా పనికొచ్చే మ్యాపు అదే. ఈ మాటను అంచెలంచెలుగా మీ ముందు పెడతాను.

1

కడప, గండికోట ఉన్న ప్రాంతం సర్వే ఆఫ్ ఇండియా లెక్కలో 57 జె. ఆ డిగ్రీ షీటులో 1:50,000 స్కేలు టోపోషీట్లు పదహారు ఉంటాయి. ఒక్కొక్కటి సుమారు 750 చదరపు కిలోమీటర్ల నేల. ఫీల్డుకు వెళ్లే జియాలజిస్టు ఆ నేలంతా తవ్వి చూడలేడు. వాగుల వెంట నడుస్తాడు, రోడ్డు కోతలు చూస్తాడు, బావి తవ్విన చోట బయటపడ్డ రాయిని చూస్తాడు, కొండవాలు ఎక్కుతాడు. మిగతాదంతా చేలు, చెరువులు, ఊళ్లు, రేగడి మట్టి. వాటి కింద ఏముందో చూసినదాన్ని బట్టి నిర్ణయించుకోవాలి.

అందుకే మన శాస్త్రంలో హద్దు గీతలకు మొదటి నుంచీ ఒక మర్యాద ఉంది. రెండు రాళ్లు కలిసే చోటును, అంటే కాంటాక్టును, కళ్లారా చూస్తే నిండు గీత. ఇక్కడెక్కడో ఉందని తెలిసి, కచ్చితమైన చోటు తేలకపోతే తెగిన గీత. మట్టి కింద దాగిపోతే చుక్కల గీత. ఫస్టియర్‌లో ఇది నేర్పుతాం. పిల్లలు పరీక్షలో రాస్తారు కూడా. కానీ ఆ మూడు రకాల గీతల్లో ఎంత నిజాయితీ ఉందో వాళ్లకు అర్థమయ్యేది సొంతంగా మ్యాపు చేసినప్పుడే.

1815లో విలియం స్మిత్ ఇంగ్లండు, వేల్సుల రాతి పొరలను రంగులతో చూపిన పెద్ద పటం అచ్చువేశాడు. మన కడప బేసిన్‌కు అలాంటి తొలి సమగ్ర పని చేసినవాడు జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన విలియం కింగ్. 1872లో సర్వే వారి మెమాయిర్ల ఎనిమిదో సంపుటంలో ఆయన కడప, కర్నూలు రాతి సముదాయాలను వర్ణించాడు. ఎండలో, గుర్రం మీదా కాలినడకనా తిరిగి, ఈ రాళ్ల వరుసకు ఒక క్రమం ఇచ్చాడు. మనం ఈనాటికీ పలికే గుల్చెరు, వేంపల్లె, తాడిపత్రి వంటి పేర్లు ఆ ఊళ్ల పేర్లే. గుల్చెరు అంటే మన గువ్వలచెరువు.

కింగ్ అయినా, తర్వాతి తరాలవారైనా, ఫీల్డులో రాసుకున్నది నోటుబుక్కులో ఉంటుంది. రాతి ముక్కలు గోనెసంచుల్లో, వాటి నుంచి పలచగా కోసిన పలకలు స్లయిడ్ల పెట్టెల్లో ఉంటాయి. ఏ వాగు దగ్గర ఏం చూశారో ఫీల్డు షీటు మీద పెన్సిలుతో గుర్తు పెట్టి ఉంటుంది. అచ్చుకు వెళ్లేది మాత్రం శుభ్రంగా రంగులద్దిన ఫెయిర్ షీటు. కోర్టు తీర్పు కాపీ చేతికొచ్చి, సాక్షుల వాంగ్మూలాలు రికార్డు రూములో ఉండిపోయినట్టు, మనకు దొరికేది పటం, దొరకనిది సాక్ష్యం. కాగితం కాలంలో ఇందులో ఎవరి తప్పూ లేదు. రెండు చేతుల వెడల్పు కాగితం మీద ఇంతకన్నా పట్టదు.

2

తెర మీద చోటుకు కొదవ లేదు. అయినా మనం చాలాచోట్ల చేస్తున్నది ఏమిటంటే, ఆ ఫెయిర్ షీటునే స్కాన్ చేసి, దాని మీద మౌసుతో గీతలు మళ్లీ గీసి, డిజిటల్ మ్యాపు అంటున్నాం. ఇలా చేసినప్పుడు మూడు చోట్ల నష్టం జరుగుతుంది. అవి తెలియకుండా జరుగుతాయి కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

మొదటిది స్కేలు. 1:50,000 అంటే పటం మీద ఒక మిల్లీమీటరు నేల మీద 50 మీటర్లు. అర మిల్లీమీటరు మందం ఉన్న గీత అంటే నేల మీద 25 మీటర్ల వెడల్పు పట్టీ. కాగితం మీద ఎవరికైనా ఆ గీత మందం కనబడుతుంది. తెర మీద అదే గీతను ఎంత పెద్దది చేసినా వెంట్రుకంత సన్నగానే ఉంటుంది. దాని కింద ఉపగ్రహ చిత్రం పెట్టామంటే, హద్దు ఫలానా రైతు చేని గట్టు మీదుగా పోతున్నట్టు కనబడుతుంది. గ్రానైటు అటు, షేలు ఇటు అని చూసి బోరు పాయింటు నిర్ణయించే మనిషికి ఆ గీత ఎంత నమ్మదగినదో ఎవరు చెప్పాలి? దేశమంతటికీ కలిపి వేసిన 1:20,00,000 స్కేలు పటంలో ఒక మిల్లీమీటరు రెండు కిలోమీటర్లు. దాన్నీ ఇదే తెర మీద ఇంతే దగ్గరగా చూడవచ్చు. తెర అడ్డు చెప్పదు.

రెండోది ఆధారతలం. మన పాత టోపోషీట్లు ఎవరెస్టు గోళాభం మీద లెక్కించినవి. చేతిలోని ఫోను చెప్పే అక్షాంశ రేఖాంశాలు డబ్ల్యూజీఎస్ 84 మీద ఉంటాయి. ఈ రెంటి మధ్య మన ప్రాంతంలో తేడా వంద మీటర్లు దాటుతుంది. మార్పిడి సరిగ్గా చేయకుండా పాత పటాన్ని కొత్త చిత్రం మీద పరిస్తే, కొండ పాదాన ఉండవలసిన కాంటాక్టు కొండవాలు మధ్యకు ఎక్కుతుంది. విద్యార్థి అక్కడికి వెళ్లి వెతికి, దొరక్క, పటమే తప్పనుకుంటాడు.

మూడోది నన్ను ఎక్కువగా బాధపెట్టేది. డిజిటైజ్ చేసే మనిషి జియాలజిస్టు కాకపోతే, తెగిన గీతనూ చుక్కల గీతనూ నిండు గీతగా చేసేస్తాడు. సాఫ్ట్‌వేరుకు కావలసింది మూతపడిన ఆకారాలు. ఎక్కడా ఖాళీ ఉండకూడదు, ఒకదాని మీద ఒకటి పడకూడదు. ఆ నియమం సరైనదే. కానీ గడిని మూయడం కోసం సందేహాన్ని చెరిపేయడం సరైనది కాదు. వందేళ్ల కిందటి సర్వేయరు ఇక్కడ నాకు తెలియదు అని నిజాయితీగా వదిలిన సంకేతాన్ని మనం ఒక్క క్లిక్కుతో తుడిచేస్తున్నాం.

3

మరి గీత ఏం మోయాలి? దీనికి ఆలోచన ఇప్పటికే జరిగింది. అమెరికా జియలాజికల్ సర్వే 2020లో తమ డిజిటల్ మ్యాపులకు ఒక ప్రామాణిక చట్రం ప్రకటించింది. అందులో ప్రతి హద్దు గీతకూ కొన్ని ప్రశ్నలకు జవాబు రాసి తీరాలి. ఈ హద్దు నిజంగా ఉందని ఎంత నమ్మకం? ఇది ఫాల్టా, మామూలు కాంటాక్టా అన్నది ఎంత నమ్మకం? చోటు ఎన్ని మీటర్ల లోపు సరి? ఈ సమాచారం ఎక్కడి నుంచి వచ్చింది? చూడండి, ఇందులో మొదటి మూడూ వేరువేరు ప్రశ్నలు. ఫాల్టు ఉందని ఖాయంగా తెలిసి, ఎక్కడుందో తెలియకపోవచ్చు. గీత ఎక్కడుందో కచ్చితంగా తెలిసి, అది ఏమిటో తేలకపోవచ్చు. కాగితం మీది తెగిన గీత ఈ రెండు సందేహాలనూ ఒకే గుర్తులో కలిపేసేది. కంప్యూటరు వాటిని విడదీసి చూపగలదు. డిజిటల్ పని వల్ల మన శాస్త్రానికి కలిగిన నిజమైన లాభం ఇదేనని నా అభిప్రాయం. రంగులు, త్రిమితీయ దృశ్యాలు దీని తర్వాతే.

ఇతర ప్రయత్నాలూ ఉన్నాయి. 2007లో మొదలైన వన్‌జియాలజీ ప్రపంచ దేశాల పటాలను పది లక్షలకు ఒకటి స్కేలులో ఒకే చోట చూపాలని పూనుకుంది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో పెరిగిన మాక్రోస్ట్రాట్ మ్యాపులో ఒక చోట తాకితే ఆ ముక్క ఏ మూల పటం నుంచి వచ్చిందో చెబుతుంది. మన దేశంలో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా భూకోశ్ పోర్టల్ ద్వారా 1:50,000 సమాచారాన్ని అందరికీ అందుబాటులో పెట్టింది. 2023 డిసెంబరులో జాతీయ భూవిజ్ఞాన దత్తాంశ నిధి కూడా వచ్చింది. మా తరం ఒక్క షీటు చూడడానికి అర్జీ పెట్టుకుని ఎదురుచూసిన రోజులు గుర్తున్నవారికి ఇది ఎంత పెద్ద మార్పో తెలుస్తుంది. 1851 నుంచి తరతరాల జియాలజిస్టులు నడిచి కూడబెట్టిన ఆస్తి ఇది.

ఇప్పుడు ఒక ఉదాహరణ. కడప బేసిన్ నెలవంక ఆకారంలో సుమారు 44,500 చదరపు కిలోమీటర్లు పరచుకుని ఉంది. పడమటి వైపు కథ సాఫీగా ఉంటుంది. గ్రానైటు మీద గుల్చెరు క్వార్ట్‌జైటు, దాని మీద వేంపల్లె డోలమైటు, పులివెందుల క్వార్ట్‌జైటు, తాడిపత్రి షేలు, గండికోట క్వార్ట్‌జైటు. పొరలు తూర్పుకు మెల్లగా వాలి ఉంటాయి. తూర్పున నల్లమల కొండల్లోకి పోతే అవే పొరలా, వేరేవా అనే ప్రశ్న వస్తుంది. అక్కడి రాళ్లు మడతలు పడి, నలిగి ఉన్నాయి. నల్లమల గ్రూపు అక్కడే పేరుకున్నదా, తూర్పు నుంచి నెట్టుకొచ్చి ఈ పొరల మీద కూర్చున్నదా? దాని వయసెంత? తాడిపత్రి పొరల్లోకి చొచ్చిన పులివెందుల సిల్లు వయసు సుమారు 190 కోట్ల ఏళ్లు. నల్లమల రాళ్లలోకి చొచ్చిన చెలిమ లాంప్రోయిటు వయసు సుమారు 140 కోట్ల ఏళ్లు. అంటే నల్లమల రాళ్లు అంతకన్నా పాతవి. ఎంత పాతవో ఆ ఒక్క లెక్క చెప్పదు.

అచ్చు పటంలో నల్లమల గ్రూపుకు ఒక రంగు, పడమటి పొరల చిత్రావతి గ్రూపుకు ఒక రంగు, మధ్య ఒక గీత. చూసేవాడికి వివాదం ఏదీ కనబడదు. నేను కోరే మ్యాపులో ఆ గీతను తాకితే, దీన్ని కాంటాక్టుగా చూసినవారి వాదన, త్రస్టుగా, అంటే నెట్టుకొచ్చిన హద్దుగా, చూసినవారి వాదన, చెలిమ వయసు ఏ నమూనా నుంచి వచ్చింది, ఏ పద్ధతిలో కొలిచారు, ఆ నమూనా తీసిన బిందువు ఎక్కడ, అన్నీ బయటికి రావాలి. 1872 నాటి కింగ్ గీత ఒక పొరగా, నేటి గీత మరో పొరగా ఉండాలి. రెండూ ఎక్కడ విడిపోయాయో పక్కపక్కన పెట్టి చూడగలగాలి. పాత పటాన్ని కొత్తది మింగేయకూడదు.

4

తరగతి గది గురించి నేను ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నా జీవితం గడిచింది అక్కడే.

పిల్లలకు పూర్తయిన మ్యాపు ముందుగా చూపిస్తే, వాళ్లు దాన్ని రంగుల బొమ్మగా చదువుతారు. పసుపు ఏ రాయి, నీలం ఏ రాయి అని కంఠస్థం చేస్తారు. మంచి డిజిటల్ మ్యాపుతో దీన్ని తిరగేయవచ్చు. ముందు గీతలన్నీ, రంగులన్నీ దాచేయండి. ఔట్‌క్రాపులు చూసిన బిందువులు, అక్కడి రాతి పేరు, డిప్, స్ట్రైక్ మాత్రం చూపించండి. హద్దు ఎక్కడ గీస్తావో గీయమని చెప్పండి. ఒక్కో విద్యార్థీ తన గీత గీస్తాడు. తరగతి గీతలన్నీ ఒకదాని మీద ఒకటి పరచి చూపించండి. బిందువులు దగ్గరగా ఉన్న చోట అందరి గీతలూ ఒక్కటవుతాయి. బిందువులు పలచగా ఉన్న చోట విడిపోతాయి. ఆ తర్వాత సర్వే వారి గీత తెరవండి. సందేహం అనేది ఎక్కడ ఉంటుందో, ఎంత వెడల్పు ఉంటుందో కళ్లెదుట కనబడుతుంది. ఇది నేను ఎన్ని ఉపన్యాసాలిచ్చినా రాని జ్ఞానం.

గండికోట ఇందుకు గొప్ప చోటు. పెన్న అక్కడ క్వార్ట్‌జైటును నిలువునా కోసింది. పొరలు దాదాపు సమతలంగా ఉన్నందువల్ల, లోయ రెండు గోడల మీదా కాంటాక్టు గీత కాంటూరు రేఖను అంటిపెట్టుకుని పోతుంది. ఎత్తుల నమూనా, అంటే డీఈఎం, కార్టోశాట్ ఉపగ్రహం కొలతలతో చేసినది భువన్ పోర్టల్‌లో ఉచితంగా దొరుకుతుంది. దాని మీద మ్యాపును పరచి తిప్పి చూపిస్తే, బ్లాక్‌బోర్డు మీద గంటసేపు చెప్పినా పట్టని సూత్రం నిమిషంలో పట్టుబడుతుంది. ఒకే కాంటాక్టు మీద మూడు బిందువుల ఎత్తులు తీసుకుంటే పొర డిప్ లెక్క కట్టవచ్చు. ఆ లెక్క చేతితో చేయించండి, తర్వాత కంప్యూటరు చేసిన దానితో పోల్చమనండి. చేతిలెక్క మానిపించడానికి నేను ఒప్పుకోను.

తిరుమల ఘాటు రోడ్డు మీదుగా మనలో పోనివారు ఉండరు. అక్కడ పాత గ్రానైటు మీద నగరి క్వార్ట్‌జైటు కూర్చున్న చోటును ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ అంటారు. దాన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించారు. ఆ ఒక్క గీతలో ఎన్నో కోట్ల ఏళ్ల కాలం లోపించింది. బస్సు మలుపు తిరిగేలోపు ఆ చోటు దాటిపోతుంది. ఫీల్డుకు వెళ్లే ముందు పిల్లలు ఆ చోటును తెర మీద చూసి, కింద ఏ రాయి, పైన ఏ రాయి, గీత వెంట గులకరాళ్లున్నాయా లేవా అని ప్రశ్నలు రాసుకుని వెళ్లాలి. తిరిగి వచ్చాక వాళ్లు తీసిన ఫోటో, అక్షాంశ రేఖాంశాలతో సహా, ఆ మ్యాపులో చేరాలి. తెర ఫీల్డుకు బదులు కాదు. ఫీల్డుకు వెళ్లడానికి డబ్బులేదని కంప్యూటరు లాబు చూపించే పద్ధతి వస్తే మన శాస్త్రం అక్కడితో ఆగిపోతుంది.

5

పరిశోధన విషయంలో ఒక్క ఉదాహరణతో సరిపెడతాను. పులివెందుల ప్రాంతంలో డోలరైటు సిల్లులు వేంపల్లె డోలమైటులోకి చొచ్చిన చోట్ల ఆస్బెస్టాసు ఏర్పడింది. ఈ సంగతి చాలాకాలంగా తెలుసు. కాగితం మీద అలాంటి చోట్లను వెతకాలంటే షీటు మీద షీటు పరచి కంటితో చూడాలి. గీతలు, రాళ్లు డేటాబేసులో ఉంటే, డోలమైటుకు సిల్లు తగిలిన అంచుకు ఇంత దూరంలో ఉన్న ఊళ్లేవి అని అడిగి క్షణంలో జాబితా తీయవచ్చు. ఆస్బెస్టాసు దుమ్ము పీల్చిన మనుషుల ఆరోగ్యం చూడాలనుకునే వైద్యుడికీ అదే జాబితా కావాలి. కానీ అంచు ఎన్ని మీటర్ల లోపు సరి అన్న లెక్క లేకపోతే, ఆ దూరం అడగడానికే అర్థం లేదు. సమాధానం వస్తుంది, అది ఎంత సరైనదో ఎవరికీ తెలియదు.

6

ఇక పని ఎవరు చేయాలన్న ప్రశ్న. సర్వే వారి పని సర్వే వారిది. విశ్వవిద్యాలయాల్లో మన పని వేరే ఉంది. ప్రతి జియాలజీ శాఖలోనూ బీరువాల నిండా ఎమ్మెస్సీ డిసర్టేషన్లు ఉన్నాయి. వెనక అట్టకు మడిచి అతికించిన, చేతితో రంగులద్దిన మ్యాపులు. అందులో ఏ వాగు మలుపు దగ్గర ఏ రాయి చూశారో, డిప్ ఎంతో రాసి ఉంది. ఆ పిల్లలు ఎండలో నడిచి కొలిచిన కొలతలు అవి. చాలాచోట్ల ఇప్పుడు ఆ ఔట్‌క్రాపు లేదు. క్వారీ తినేసింది, లేదా దాని మీద లేఅవుటు వేశారు. ఆ బీరువాల్లో ఉన్నది మళ్లీ పుట్టించలేని సమాచారం. కాగితాన్ని చెదలు ఇప్పటికే తింటోంది.

దీనికి కావలసిన సాధనాలు ఖరీదైనవి కావు. ఒక మంచి స్కానరు, ఉచితంగా దొరికే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేరు, పాత టోపోషీటు మూలలకు ఎవరెస్టు లెక్కలో నిరూపకాలు ఇచ్చి డబ్ల్యూజీఎస్‌కు మార్చడం తెలిసిన ఒక మనిషి. మ్యాపులు తయారుచేసి పంచుకోవడానికి ఉన్న అనుమతుల అడ్డంకులు 2021 ఫిబ్రవరి మార్గదర్శకాలతో చాలావరకు తొలగాయి. నల్లమల అడవిలో సిగ్నలు ఉండదు కాబట్టి మ్యాపు ఫోనులోకి ముందే దింపుకునే వీలుండాలి. ఫోను దిక్సూచిని ఒక్క కొలతతో నమ్మకూడదు. మాగ్నటైటు ఉన్న రాయి దగ్గర, అయస్కాంతం ఉన్న ఫోను కవరు దగ్గర అది తప్పుతుంది. అలాంటి రాయికి దూరంగా జరిగి బ్రంటన్ దిక్సూచితో సరిచూసి, రెండు కొలతలూ రాయాలి.

తెలుగు గురించి ఒక మాట. కడప జిల్లా పిల్లవాడికి నార్జి లైమ్‌స్టోన్ అంటే తెలియదు. ఇంటి ముందు పరిచిన నాపరాయి తెలుసు. అదే ఇదని మ్యాపు చెప్పాలి. పలుగురాయి, సుద్దరాయి, గరుసు నేల, రేగడి లాంటి మాటలు శాస్త్రీయ నామాల పక్కన ఉండాలి. బోరు వేసే మేస్త్రీ ఏ పేరుతో పిలుస్తాడో అదీ ఉండాలి, ఎందుకంటే లోతులో ఏ రాయి తగిలిందో మొదట చూసేవాడు అతడే.

నాదొక విన్నపం ఉంది, దీన్ని సభాధ్యక్షుల ముందు పెడుతున్నాను. వచ్చే విద్యా సంవత్సరంలో ఒక్క షీటు తీసుకుందాం. తిరుపతి, తిరుమల ఉన్న 57 ఓ/6 అయితే అన్‌కన్ఫార్మిటీ అందులోనే ఉంది, అందరూ వెళ్లగలరు. ఆ షీటులో ఏ శాఖ దగ్గర ఏ డిసర్టేషను ఉన్నా స్కాన్ చేద్దాం. ప్రతి ఔట్‌క్రాపు బిందువుకూ చూసిన విద్యార్థి పేరు, సంవత్సరం రాద్దాం. ప్రతి గీతకూ ఎన్ని మీటర్ల లోపు సరో రాద్దాం. తెలియని చోట తెలియదని రాద్దాం. రెండో ఎమ్మెస్సీ బ్యాచి ఆ తెలియని చోట్ల జాబితా పట్టుకుని ఫీల్డుకు వెళ్తుంది.